ఇంగ్లీషు తరగతిలో మూగనోము

మన యిండ్లలో పదుమూడేండ్లు మొదలు పదునాఱేండ్లవఱకు గల బాలబాలికలను గమనింపుడు. వీధిలో వారి నోటికి మూత యుండదు. అరుగుమీద కూర్చున్న వేళ, చెఱువుగట్టున ఆడుకొను వేళ, సైకిలుపై ట్యూషనునకు పోవు వేళ వారి మాటలకు ఆదియు నంతమును గానరావు. అట్టి పిల్లలే పాఠశాలలో ఇంగ్లీషు గంట కొట్టగానే మూగనోము పట్టినవారివలె నగుదురు. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినచో ఒకడు తల వంచును. ఒకడు ప్రక్కవాని వంక చూచును. ఒకతె పుస్తకము పుటలు త్రిప్పుచు జవాబు అందెక్కడనైన దొరకునా యని వెదకును. వ్రాతపరీక్షలో ఈ పిల్లలకే నూటికి ఎనుబది మార్కులు వచ్చుట కలదు. కాని రైల్వేస్టేషనులో తెలుగు రాని యుద్యోగి యెదుటబడినచో, బండి యెప్పుడు వచ్చునో అడిగి తెలిసికొనుటకు వారికి నోరు పెగలదు. ఇన్నేండ్లు చదివిన భాష నాలుకమీదికి రాకపోవుటకు కారణమేమి? పిల్లలు మందబుద్ధులా? ఉపాధ్యాయులు అసమర్థులా? ఈ రెండును గావని నా యభిప్రాయము. కారణము మఱియొకచోట నున్నది. అందు కొంత మన వంటయింటికి, మన వసారాకు కూడ సంబంధించినది. కావుననే దీనిని స్త్రీల పత్రికలో ప్రస్తావించుట తగునని తలంచితిని.

ఈ విషయము నేడు ఎవరో కొందఱు సంపన్నుల యింటి విషయము కాదు. ఆంధ్రప్రదేశములో ప్రభుత్వ పాఠశాలల క్రింది తరగతులను ఆంగ్లమాధ్యమమునకు మార్చుచు 2019లో ఉత్తరువులు వెలువడినవి. 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసినది. ఆ వాదము దేశమంతట చర్చింపబడినది. తెలంగాణమున 2022–23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. కూలిపని చేసికొను తల్లి బిడ్డయు, రైతు బిడ్డయు, అద్దకపువాని బిడ్డయు నేడు ఈ భాషలో గణితమును, విజ్ఞానశాస్త్రమును చదువుచున్నారు. ఇంటిలో ఈ భాష వినుటకు వారికి అవకాశము లేదు. తరగతి గదియొక్కటే వారికి ఆధారము. అక్కడ నోరు విప్పకున్నచో వారు మఱెక్కడను విప్పజాలరు. తరువాత ఇంటర్మీడియేటులోనో, ఇంజనీరింగు కళాశాలలోనో, నర్సింగు శిక్షణలోనో, ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో ఆ మౌనమే వారి పాలిటి గోడయై నిలుచును. విద్య యుండియు, యోగ్యత యుండియు, నాలుగు మాటలు చెప్పలేక వెనుకకు మరలి వచ్చిన పిల్లలను మన మెఱుగుదుము.

మన పూర్వులు వాక్కును నేర్పుటలో మిక్కిలి శ్రద్ధ వహించినవారు. పాణినీయశిక్షలో అధమపాఠకులు ఆర్గురు చెప్పబడినారు. పాటవలె రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యాడించువాడు, వ్రాసినదానిని చూచి చదువువాడు, అర్థ మెఱుగక చదువువాడు, గొంతు చాలనివాడు. వేదపాఠమును గూర్చి చెప్పిన ఈ లక్షణములను మన యింగ్లీషు తరగతికి అన్వయించి చూడుడు. పిల్లలు పాఠమును రాగము తీసి చదువుదురు. ప్రశ్నకు జవాబును గైడునుండి వ్రాసికొన్న కాగితము చూచి చెప్పుదురు. ఆ జవాబునకు అర్థమేమో పలువురకు తెలియదు. చెప్పిన మాట మూడవ బెంచీకి వినబడదు. ఇందు మూడు దోషములు ముఖ్యములు: వ్రాసినది చూచుట, అర్థ మెఱుగకుండుట, గొంతు చాలకపోవుట. ఈ మూడింటికిని మూల మొక్కటే. ఆ మూలము భయము.

ఆ భయము ఎట్టిదో తెలిసికొనుటకు మన శాతవాహన మహారాజు కథ చాలును. కాశ్మీరదేశపు సోమదేవుడు కథాసరిత్సాగరమున దానిని చెప్పినాడు. రాజు రాణులతో జలక్రీడ లాడుచుండగా, ఒక రాణి అలసి, నీటితో కొట్టవలదని సంస్కృతమున వేడుకొన్నది. “మా” యనగా వలదు. “ఉదకైః” అనగా నీళ్లతో. ఈ రెండు పదములు సంధి చేరి “మోదకైః” అయినవి. రాజు దానిని మోదకములు, అనగా తీపి ఉండలు, అనుకొని వానిని తెప్పించినాడు. రాణి నవ్వి, సంధి యెఱుగవా యని హేళన చేసినది. పరిజనులు కూడ నవ్విరి. అంతట అంతటి చక్రవర్తియు సిగ్గుపడి, ఆహారము మాని, మాట మాని, చిత్రమందలి బొమ్మవలె మౌనము వహించెను. ఆజ్ఞ యిచ్చినచో రాజ్యమంతయు కదలునట్టి ప్రభువు ఒక్క నవ్వునకు మూగవోయినాడు. అట్లుండగా, మీసము మొలకెత్తుచు గొంతు మాఱుచున్న పదునాలుగేండ్ల పిల్లవాడు నలువదిమంది యెదుట తప్పు మాటాడి నవ్వులపాలైనచో మరల ఆ సంవత్సరమున నోరు విప్పునా?

చిన్నపిల్లలకు ఈ బాధ లేదు. ఆఱేండ్ల బిడ్డకు పాట నేర్పినచో తప్పో ఒప్పో గట్టిగా పాడును. పదుమూడవ యేడు వచ్చుసరికి లోకము తన్నే చూచుచున్నదని తోచును. తోటివారి కన్ను గురువుగారి బెత్తముకంటె ఎక్కువ నొప్పించును. తరగతిలో రెండు విధముల నవ్వులు గలవు. తప్పు చెప్పినవానిని చూచి నవ్వు నవ్వొకటి. చక్కగా చెప్పినవానిని “దొరగారు వచ్చినారు” అని ఎగతాళి చేయు నవ్వు రెండవది. ఈ రెండవదానిని పెద్దలు గమనింపరు. తెలివిగల పిల్లలు సైతము మాటాడకుండుటకు ఇదియే ముఖ్యకారణము. కావున ఉపాధ్యాయుడు చేయవలసిన మొదటి పని వ్యాకరణము చెప్పుట కాదు. సంవత్సరారంభముననే తరగతితో ఒక కట్టడి చేసికొనవలెను: మాటాడువాని తప్పునకుగాని ఒప్పునకుగాని ఎవరును నవ్వరాదు. దీనిని పిల్లలే తీర్మానించి గోడపై వ్రాసి పెట్టినచో మఱింత బలముగ నిలుచును.

ఆడపిల్లల విషయమున మఱియొక చిక్కు గలదు. వారి గొంతు మన యిండ్లలోనే చిన్నది చేయబడుచున్నది. “మెల్లగా మాటాడుము, పెద్దల నడుమ నోరు దూర్చకుము, ఎదురు ప్రశ్న వేయకుము” అని పదేండ్లు మనమే నేర్పుదుము. పదునొకండవయేట పాఠశాలలో నిలుచుండి గట్టిగా పరభాష మాటాడుమందుము. మాటాడలేకపోయినచో “దీనికి ధైర్యము లేదు” అని మనమే నిందింతుము. కుండకు చిల్లు పెట్టి నీరు నిలువలేదని వగచినట్లున్నది గదా! అల్పకంఠము దోషమని శిక్షాకారులు చెప్పినప్పుడు ఆడువారికి మినహాయింపు వ్రాసియుండలేదు. ఇంటిలో తన మాట చెల్లునని తెలిసిన బాలికకు తరగతిలో గొంతు తానై వచ్చును.

భయమునకు తోడు భాషాస్వభావమువలన వచ్చు కష్టములు కొన్ని గలవు. తెలుగు అజంతభాష. మన మాటలు సాధారణముగ అచ్చుతో ముగియును. కావుననే మన నోట “బుక్కు”, “పెన్ను”, “బస్సు” వచ్చుచున్నవి. “స్కూలు” అనుటకు ముందు “ఇ” చేర్చి “ఇస్కూలు” అనుటయు మన నాలుక సౌకర్యముకొఱకే. ఇంగ్లీషున నామవాచకములకు ముందు వచ్చు “ఎ”, “ది” అను చిన్నమాటలకు మన భాషలో స్థానమే లేదు. కావున పిల్లలు వానిని విడిచిపెట్టుదురు, లేదా అక్కఱలేనిచోట చేర్చుదురు. అన్నిటికంటె ముఖ్యము క్రియాపదము. “నేను నిన్న మా మేనమామతో సంతకు వెళ్లితిని” అని మనము క్రియను చివరకు ఉంచుదుము. ఇంగ్లీషులో “నేను” అనగానే “వెళ్లితిని” అనవలెను. తక్కినవి తరువాత వచ్చును. పిల్లవాడు మొదట తెలుగులో వాక్యము కూర్చుకొని, దాని తోకను తెచ్చి తలప్రక్కన పెట్టి, అప్పుడు పలుకవలెను. ఈ తప్పులు బుద్ధిహీనతకు గుర్తులు కావు. రెండు భాషలు ఒక నోట కలిసినప్పుడు పుట్టు సహజమైన ఒరిపిడి మాత్రమే. ఈ సంగతి పిల్లలకు చెప్పినచో వారికి సగము బెదురు తీఱును.

వాక్యము నిట్లు త్రిప్పుటకు కాలము పట్టును. ఆ కాలము మనము ఇచ్చుచున్నామా? మేరీ బడ్ రో అను అమెరికా విదుషీమణి 1970వ దశకమున విజ్ఞానశాస్త్రపు తరగతులను పరిశీలించి ఒక విచిత్రమైన సంగతి కనుగొన్నది. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి జవాబుకొఱకు సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుచుండిరి. తరువాత మఱియొకరిని అడుగుటయో, తామే జవాబు చెప్పుటయో జరుగుచుండెను. ఆ ఒక్క సెకనును మూడు సెకనులకు పెంచినంతనే పిల్లల జవాబులు పొడుగైనవి. ఎన్నడును మాటాడనివారు మాటాడసాగిరి. “తెలియదు” అనుట తగ్గినది. స్వభాషలోనే మూడు సెకనులు కావలసివచ్చినచో, పరభాషలో వాక్యము త్రిప్పుకొను మన పిల్లలకు ఐదాఱు సెకనులైనను వలదా? ఖర్చు లేని ఈ యుపాయమును ఏ పాఠశాలయైనను రేపే ఆరంభింపవచ్చును. మౌనముగ ఆగుట మాత్రము ఉపాధ్యాయునకు మిక్కిలి కష్టమైన పని యని మా వారు చెప్పుచుందురు. వారు ఉన్నత పాఠశాలలో ఆంగ్లము చెప్పువారు. ప్రశ్న వేసి లోలోపల ఐదు లెక్కించుట అలవాటు చేసికొనుటకు వారికి ఒక నెల పట్టినది.

ఇక కాలపు లెక్క మఱియొకటి చూతము. తరగతిలో నలువదిమంది, పాఠము నలువదియైదు నిమిషములు. హాజరునకును, ఇంటిపని చూచుటకును ఐదు నిమిషములు పోవును. ఉపాధ్యాయుడు ఇరువది నిమిషములు చెప్పునని తలంచిన, మిగిలినవి ఇరువది. వానిని నలువదిమందికి పంచినచో తలకు అర నిమిషము వచ్చును. ఆ యర నిమిషమైనను అందఱికి దక్కదు. ముందు బెంచీలందలి ఐదాఱుగురే దానిని భుజింతురు. వెనుక కూర్చున్నవారికి సంవత్సరమంతయు ఒక్క వాక్యమైనను పలుకు అవసరము రాకపోవచ్చును. ఇందుకు మార్గము జంటలు కట్టుట. పది నిమిషములు ఇరువది జంటలు ఒక్కసారి మాటాడినచో ప్రతి బిడ్డకును ఐదు నిమిషములు దొరకును. అర నిమిషమునకు ఇది పదిరెట్లు. పైగా అందఱు మాటాడుచున్నప్పుడు తన్నెవరును వినుటలేదన్న ధైర్య ముండును. తప్పు జంటలోనివానికి తప్ప మఱియొకరికి తెలియదు. గది సంతవలె నుండునని ప్రధానోపాధ్యాయులు అభ్యంతరము చెప్పుట కలదు. సంతలో బేరము జరుగును గదా! భాష పుట్టినది అట్టిచోటనే.

అయితే ఏమి మాటాడవలెను? ఇక్కడనే మన తరగతులు ముఖ్యముగ తప్పు త్రోవ పట్టుచున్నవి. చేతిలో కలము పట్టుకొని “ఇది కలమా?” అని అడిగినచో, కన్నులున్న పిల్లవాడు ఏమని చెప్పును? తెలిసినదానిని తెలిసినవానికి చెప్పుటకు ఎవరికిని ఉత్సాహ ముండదు. ఎదుటివానికి తెలియనిది తన యొద్ద నున్నప్పుడే నోరు దురద పుట్టును. 1979 మొదలు 1984 వఱకు ఎన్.ఎస్. ప్రభు గారు దక్షిణదేశపు కొన్ని పాఠశాలలలో ఒక ప్రయోగము నడిపినారు. అది బెంగుళూరు ప్రాజెక్టను పేరుతో ప్రపంచమున భాష నేర్పువా రందఱకు తెలిసినది. అందు వ్యాకరణ పాఠములు వరుసగా చెప్పుట లేదు. రైలు వేళల పట్టికను చూచి ఏ బండి యెక్కవలెనో తేల్చుట, పటము చూచి దారి కనుగొనుట, ఇట్టి చిక్కులు ఇచ్చి వానిని ఇంగ్లీషులో విడదీయించుచుండిరి. ఉపాధ్యాయుడు మొదట అట్టి చిక్కు నొకదానిని తరగతితో కలిసి బిగ్గరగా విడదీయును. తరువాత అదేవంటి మఱియొకదానిని పిల్లలు తమంతట తాము విడదీయుదురు. బుద్ధి అర్థముమీద నిలిచినప్పుడు భాష దానంతట నది పట్టుబడునని వారి సిద్ధాంతము. జంటలు కట్టుట ప్రభు గారికి అంతగా సమ్మతము కాదు. ఒకరి తప్పులు ఒకరికి అంటునని వారి శంక. ఆ శంక తోసివేయదగినది కాదు. కావుననే ఉపాధ్యాయుడు ముందు తాను మాటాడి చూపి, కావలసిన నాలుగైదు వాక్యములు నల్లబల్లపై నుంచి, ఆ పిమ్మట జంటలకు పని యొప్పగించుట మేలని నాకు తోచుచున్నది.

మా వారి తొమ్మిదవ తరగతిలో జరిగిన యొక ముచ్చట చెప్పెదను. ఒక బాలిక జూన్ మొదలు అక్టోబరు వఱకు హాజరు పలుకుట తప్ప ఇంగ్లీషులో మఱేమియు అనలేదు. ఒకనాడు ప్రతివారును తమకు బాగుగ చేతనైన పని యొకదానిని, అది ఎన్నడును చూడనివానికి చెప్పునట్లు చెప్పవలెనని పని యిచ్చిరి. ఒక పిల్లవాడు సైకిలు ట్యూబునకు పంక్చరు వేయుట చెప్పెను. మఱియొకడు నారు పీకి నాటువేయుట చెప్పెను. ఈ బాలిక ఆవకాయ పెట్టుట చెప్పదలచినది. జంటలోని పిల్ల పట్టణమునుండి క్రొత్తగా వచ్చినది, ఆవకాయ తినుటయే గాని పెట్టుట చూడలేదు. “మ్యాంగో కట్” అని మొదలయినది. ముక్కకు టెంకె యుండవలెనని చెప్పుటకు టెంకెకు మాట లేదు. ఆ పిల్ల తెలుగులోనే అడిగినది. ఉపాధ్యాయుడు “స్టోన్” అని చెప్పగా, రాయి యని నవ్వు వచ్చినది; ఈసారి అందఱును కలిసి నవ్విరి, ఒకరిని చూచి కాదు. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె వచ్చినవి. చివరకు “త్రీ డేస్ నో టచ్” అన్నది. ఉపాధ్యాయుడు తప్పని చెప్పలేదు. “ఓహో, డోంట్ టచ్ ఇట్ ఫర్ త్రీ డేస్! మఱి మూడవనాడు?” అని ఆసక్తితో ప్రశ్నించెను. ఆమె “డోంట్ టచ్ ఇట్ ఫర్ త్రీ డేస్. దెన్ మిక్స్” అని తానే దిద్దుకొని ముగించినది. ఆనాడు ఆమె పలికినవి పట్టుమని పది వాక్యములు లేవు. అయినను మఱునాటినుండి చేయి యెత్తుట మొదలయినది. తనకు తెలిసిన దొకటి లోకమునకు తెలియదని ఎఱిగిన తరువాత ఆమె విద్యార్థినిగాక, ఆ పది నిమిషములు గురువై నిలిచినది.

ఈ ముచ్చటలో దిద్దుబాటు పద్ధతిని గమనింపుడు. వాక్యము నడుమ “ఆగుము, తప్పు” అన్నచో దారము తెగును. తప్పును ఒప్పుగ తిరిగి పలుకుచు సంభాషణను సాగనిచ్చినచో పిల్లకు ఒప్పు చెవిని పడును, మానము నిలుచును. తఱచుగ వచ్చు తప్పులను ఉపాధ్యాయుడు ఒక కాగితముపై గుర్తుంచుకొని, పాఠాంతమున ఎవరి పేరును చెప్పక అందఱికి కలిపి వివరింపవచ్చును. వ్రాతలో ఎఱ్ఱసిరా కావలసినంత యుండనిండు. మాటలో దానిని దాచవలెను.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంగ్లీషు రావలెనన్నచో తెలుగును బహిష్కరింపవలెనని కొందఱు తలంతురు. తెలుగు మాటాడినందుకు జుల్మానా వేయు పాఠశాలలు గలవు. 2009లో కడప జిల్లాలో ఒక పాఠశాలలో తెలుగు మాటాడిన పిల్లల మెడలో ఇక తెలుగు మాటాడమని వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరన్న వార్త తెలుగు నాడంతటను కలత పుట్టించినది. దండనవలన తెలుగు మానునేమో కాని ఇంగ్లీషు రాదు. రెండును పోయి మౌనము మిగులును. పిల్లలు తలంపులను మొదట తెలుగులో పోగుచేసికొని, తరువాత ఇంగ్లీషులోనికి దింపుకొనుట తప్పు కాదు, నిచ్చెన. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకములు 2020 తరువాత మన ప్రభుత్వ పాఠశాలలకు వచ్చినవి. వానిని సరిగ వాడుకొన్నచో ఆ నిచ్చెన చేతికందినట్లే. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము, వీలైనచోటనెల్ల కనీసము ఐదవ తరగతివఱకు ఇంటిభాషలోనే బోధన జరుగవలెనని చెప్పినది.

భాష జనులనడుమ వినుటచేతనే వచ్చునని మన పాతకథయు, క్రొత్తచరిత్రయు సాక్ష్య మిచ్చుచున్నవి. శాతవాహనునకు ఆఱు నెలలలో వ్యాకరణము నేర్పెదనని శర్వవర్మ పూనుకొనగా, అది సాధ్యము కాదని గుణాఢ్యుడు పందెము వేసి ఓడిపోయినాడు. సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచి వింధ్యాటవికి పోయి, పిశాచములు మాటాడుకొనుచుండగా విని పైశాచి నేర్చెను. ఆ భాషలోనే బృహత్కథ వ్రాసినాడని ప్రసిద్ధి. మన కాలమునకు దగ్గఱివారైన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, లిపియే లేని సవరభాషను సవరలనుండియే విని నేర్చికొని, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథము, 1938లో నిఘంటువు వెలువరించినారు. 1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్వబోయి, పుస్తకముల తెలుగు వేఱుగను ప్రజల తెలుగు వేఱుగను ఉన్నదేమని ప్రశ్నించుటయే గిడుగువారి వ్యావహారిక భాషోద్యమమునకు ప్రేరణ యందురు. ఆ దొరకు వచ్చిన చిక్కే నేడు మన పిల్లలకు వచ్చినది. వారు నేర్చినది గైడు పుస్తకపు ఇంగ్లీషు. లోకము మాటాడునది వేఱు.

ఇన్ని యుపాయములకు మూలమైనది పిల్లల మనసులోని కోరిక. హంగరీ దేశీయుడగు జోల్టాన్ డోర్న్యే అను పండితుడు 2005లో ఒక సిద్ధాంతము ప్రకటించినాడు. భాష నేర్చువాని మనసున రెండు బొమ్మలుండును. తాను ఇట్టివాడను గావలెనని తానుగ కోరుకొను బొమ్మ యొకటి. ఇట్టివాడవు గావలెనని ఇతరులు తనపై మోపిన బొమ్మ రెండవది. మన పిల్లలకు రెండవ బొమ్మ కొఱత లేదు. “ఇంగ్లీషు రాకున్న ఉద్యోగము రాదు” అని వారు అన్నప్రాశననాటినుండి వినుచున్నారు. బెదిరింపుతో పుస్తకము తెఱవవచ్చును గాని నోరు తెఱవదు. మొదటి బొమ్మను గీయుట మన పని. క్రికెట్టు ఇష్టపడు పిల్లవాడు పోటీ ముగిసిన తరువాత ఆటగాడు మాటాడిన మాటలను వినుట, వైద్యము చదువగోరు పిల్ల రోగివలెను వైద్యురాలివలెను తోటిపిల్లతో నటించుట, ఊరు దాటని పిల్లలు తమ యూరి గుడిని, చెఱువును, సంతను అపరిచితునకు చూపునట్లు వర్ణించుట, ఇవన్నియు ఆ బొమ్మకు రంగులు.

పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు వ్రాతపరీక్షయే. పరీక్షలో లేనిది పాఠములో నిలువదు. దీనికి ఉపాధ్యాయుని నిందింపరాదు. హైదరాబాదులో 1958లోనే ఆంగ్లబోధన కొఱకు కేంద్రసంస్థ స్థాపింపబడినది. అదియే తరువాత పెరిగి విశ్వవిద్యాలయ మైనది. పద్ధతులకు కొదవ లేదు. అడుగువారికే కొదవ. తల్లులు మార్కులు మాత్రమే అడుగుచున్నంతకాలము పాఠశాల మార్కులు మాత్రమే ఇచ్చును.

కావున మనము ఇంటిలో చేయదగినవి కొన్ని విన్నవించుచున్నాను. ఇంగ్లీషు రాని తల్లియు వీనిని చేయవచ్చును. అతిథులు వచ్చినప్పుడు “ఏదీ, ఇంగ్లీషులో మాటాడుము” అని బిడ్డను సభకెక్కింపకుడు. అది వారికి శిక్ష. ప్రక్కయింటి పిల్లతో పోల్చకుడు. రాత్రి భోజనము వేళ బిడ్డనే గురువును చేసి, ఆనాడు నేర్చిన రెండు వాక్యములు మీకు నేర్పుమనుడు. మీరు తప్పు పలుకుడు. బిడ్డ దిద్దును, నవ్వును. తప్పు పలికినచో మిన్ను విఱిగి పడదని అప్పుడు తెలియును. ఇంటిలో సెల్‌ఫోను ఉన్నచో ఏకాంతమున తన గొంతు తానే రికార్డు చేసికొని వినుటకు పావుగంట యిండు. సాక్షులు లేనిచోట నాలుక కుదుటబడును. ఆడపిల్ల ఏదేని అడిగినప్పుడు మాట పూర్తియగువఱకు ఇంటిల్లిపాదియు వినుడు. తెలుగులో నిండు వాక్యము చెప్పుటకు తావు లేని బిడ్డకు ఏ భాషలోను నిండు వాక్యము రాదు. తెలుగు కథలను బిగ్గరగా చదివింపుడు. గొంతునకు అదియే సాము.

తొందర మాత్రము తగదు. శర్వవర్మ ఆఱు నెలల వరము అందఱకును దొరకునది కాదు. మొదటి నెలలు వినుటయే యుండవచ్చును. తరువాత ముక్కలు ముక్కలుగ మాటలు వచ్చును. వాక్యములు నెమ్మదిగ అతుకుకొనును. నడక నేర్చు బిడ్డ పడినప్పుడు మన మెవ్వరమును మార్కులు తీసివేయలేదు గదా!

పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరిగినప్పుడు మనము సాధారణముగ ప్రోగ్రెస్ కార్డు చూచి సంతకము పెట్టి వత్తుము. ఈసారి ఉపాధ్యాయుని వినయముతో ఒక్క ప్రశ్న అడుగుడు: “అయ్యా, మా పిల్ల ఈ వారమున తరగతిలో ఏమి మాటాడినది?” అని. ఆయనకు జవాబు తోచకున్నను కోపగింపకుడు. వచ్చే నెలలో మరల అదే ప్రశ్న అడుగుడు. నలువదిమంది తల్లులు ఇట్లడిగిన తరగతిలో ఆ మూగనోము ఎక్కువ కాలము నిలువదు.